బ్లాక్ హీటర్ నిజంగా పనిచేస్తోందా? చలి ముదరకముందే తేల్చుకునే పద్ధతులు

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న అడుగుతాను. రాత్రి బండికి ప్లగ్గు పెట్టి పడుకున్నారు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఠక్కున అందుకుంది. అంటే గడ్డకట్టే చలిలో ఇంజిన్‌ని ముందే కరెంటుతో వెచ్చబెట్టే బ్లాక్ హీటర్ పనిచేసినట్టేనా?

పనిచేసినట్టు కాదండీ. బ్యాటరీ బాగుండి, ఇంజిన్లో పల్చటి సింథటిక్ ఆయిల్ ఉంటే, మైనస్ 20లో కూడా చాలా పెట్రోలు బండ్లు హీటర్ సాయం లేకుండానే స్టార్టవుతాయి. అంటే హీటర్ కాలిపోయి రెండేళ్లయినా మీకు తెలియకపోవచ్చు. మరి ఎప్పుడు తెలుస్తుంది? మైనస్ 35 పడిన రోజున తెలుస్తుంది. ఆ రోజు వర్క్‌షాపులో ఖాళీ ఉండదు, బయట చేతులు పనిచేయవు, కావలసిన పార్టు దొరకదు. అందుకే, బండి స్టార్టయిందన్న సంగతిని సాక్ష్యంగా తీసుకోకండి. హీటర్‌ని నేరుగా పరీక్షించండి. అదీ ఇంకా చేతులు పనిచేసే రోజుల్లో, శరత్తులోనే. ఇవాళ నేను చెప్పేదంతా దాని గురించే.

అసలు ఇదేమిటో ఒక్క నిమిషం చూద్దాం. కెనడా ప్రెయిరీల్లో, అలాస్కాలో, మినెసోటా, నార్త్ డకోటాల్లో, అటు ఫిన్లాండ్, స్వీడన్, నార్వేల్లో బండి ముందు గ్రిల్లులోంచి ఒక ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తుంది కదా, దాని రెండో కొస ఎక్కడికి పోతుంది? నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఉండే ఆండ్రూ ఫ్రీమన్ ఇలాంటి హీటర్‌కి 1949లో పేటెంట్ తీసుకున్నారు. ఆయన పద్ధతిలో ఇంజిన్ హెడ్ బోల్టు ఒకటి తీసేసి, దాని స్థానంలో హీటర్ బిగించేవారు. ఇప్పుడు ఎక్కువగా వచ్చేది ఇంకో రకం. ఇంజిన్ బ్లాకు పక్కన ఫ్రీజ్ ప్లగ్గులని గుండ్రటి మూతలుంటాయి. అందులో ఒకటి తీసి, ఆ రంధ్రంలోంచి ఎలిమెంటును, అంటే కరెంటుతో వేడెక్కే భాగాన్ని, కూలెంట్‌లోకి, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవంలోకి, దించుతారు. నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డు మనందరికీ తెలిసిందే కదా, ఇదీ అదే జాతి. రాడ్డును నీళ్లు లేని బకెట్లో పెట్టి స్విచ్చి వేస్తే ఏమవుతుంది? ఆ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

సరే, పరీక్ష మొదలుపెడదాం. మొట్టమొదట, మీ బండికి హీటర్ ఉందా? నవ్వకండి, ఇది నిజంగా అడగాల్సిన ప్రశ్నే. చలి ప్రాంతంలో అమ్మిన బండి కాబట్టి ఉండే ఉంటుందని అనుకుంటారు. వేరే ప్రాంతం నుంచి వచ్చిన పాత బండిలో అసలు ఉండకపోవచ్చు. కొన్ని డీజిల్ ట్రక్కుల్లో ఎలిమెంటు ఫ్యాక్టరీలోనే బిగించి ఉంటుంది కానీ తీగ విడిగా కొనుక్కోవాలి. ఇంకొన్నిటిలో ప్లగ్గు బయటికి కనిపించదు, బానెట్ కింద ఏ పైపు వెనకో క్లిప్పుతో కట్టేసి ఉంటుంది. బానెట్ ఎత్తి, ప్లగ్గు నుంచి తీగ వెంట టార్చి వేసుకుంటూ ఇంజిన్ దాకా వెళ్లండి. అది బ్లాకులోకి దిగిందా, కూలెంటు గొట్టం మధ్యలో ఉందా, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ పాన్‌కి అతికించిన ప్యాడా, లేక బ్యాటరీ చుట్టూ కట్టిన దుప్పటా? ఇవన్నీ బయటికి ఒకేలాంటి ప్లగ్గుతోనే వస్తాయి. బ్యాటరీ దుప్పటిని బ్లాక్ హీటర్ అనుకుని ఏళ్ల తరబడి ప్లగ్గు పెట్టేవాళ్లున్నారు.

రెండోది, కరెంటు వస్తోందా? హీటర్‌ని అనుమానించే ముందు సాకెట్టును చూడాలి. ఎక్స్‌టెన్షన్ తీగ వాడుతుంటే దాని చివర, అంటే బండి దగ్గరి కొసలో, ఒక దీపం పెట్టి చూడండి. వెలిగిందా, అక్కడిదాకా కరెంటు ఉన్నట్టే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అపార్ట్‌మెంట్లు, ఆఫీసుల పార్కింగ్ సాకెట్లు అన్నీ ఎప్పుడూ ఆన్‌లో ఉండవు. కరెంటు ఆదా కోసం కొన్నిటిని వంతులవారీగా కాసేపు ఆన్, కాసేపు ఆఫ్ చేస్తారు. కొన్నిటిని బయట చలి ఒక స్థాయికి దిగితేనే ఆన్ అయ్యేలా పెడతారు. మీరు వెళ్లి చూసిన ఆ అయిదు నిమిషాల్లో కరెంటు లేకపోతే హీటర్ పోయిందని తీర్పు చెప్పకండి. భవనం చూసేవాళ్లని ఒక మాట అడగండి.

ఇప్పుడు అసలు పరీక్ష. రాసుకునేవాళ్లు ఇక్కడి నుంచి రాసుకోండి. కావలసింది ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్. ఖరీదైనది అక్కర్లేదు. ప్లగ్గును సాకెట్టు నుంచి పూర్తిగా తీసేయండి. తీసేశారా? మళ్లీ ఒకసారి చూసుకోండి. మనం కొలిచేది ఓములు, అంటే కరెంటుకి ఎదురయ్యే నిరోధం. కరెంటు ఉన్న తీగ మీద ఓములు కొలవకూడదు, మీటరూ పోతుంది, ప్రమాదం కూడా. ముందుగా మీటరు మొనలు రెండూ ఒకదానికొకటి తగిలించండి. 0.2, 0.3 అలా ఏదో చూపిస్తుంది. అది మీటరు తీగలది, చివర్లో వచ్చిన అంకెలోంచి దాన్ని తీసేయాలి. ఇప్పుడు ప్లగ్గులోని రెండు బల్లపరుపు పిన్నులకు చెరొక మొన ఆనించండి. గుండ్రటి ఎర్త్ పిన్ను ఇప్పుడొద్దు. ఎంత చూపిస్తోంది?

ఎంత చూపించాలో ముందే లెక్క కట్టుకోవచ్చు. వోల్టేజీని వోల్టేజీతో గుణించి వాట్లతో భాగించండి. ఉత్తర అమెరికాలో 120 వోల్టులు కాబట్టి పైన 14,400. నాలుగు వందల వాట్ల హీటరైతే 36 ఓములు. ఆరు వందలైతే 24. ఏడు వందల యాభై అయితే 19 చిల్లర. వెయ్యి వాట్లయితే 14.4. పెద్ద డీజిల్ ఇంజిన్లకు వచ్చే 1,500 వాట్లదైతే 9.6. నార్డిక్ దేశాల్లో 230 వోల్టులు కాబట్టి అక్కడ 500 వాట్ల హీటర్ 106 ఓముల దగ్గర చూపిస్తుంది. అంకె ఇంకో దేశపుదని చూసి బెంబేలు పడకండి, వోల్టేజీ మారితే లెక్క మారుతుంది. వాట్లు ఎన్నో ఎలా తెలుస్తుంది? యజమాని పుస్తకంలో ఉంటుంది, లేదా తీగకున్న చీటీ మీద, ఎలిమెంటు తల మీద ముద్రించి ఉంటుంది. చిన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్లకు సాధారణంగా నాలుగు వందల చుట్టుపక్కల, పెద్ద వీ-ఎయిట్లకు, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లకు, ఏడు వందల యాభై నుంచి వెయ్యి దాకా ఉంటాయి.

లెక్కకి ఒకటి రెండు ఓములు అటూ ఇటూ ఉంటే ఎలిమెంటు బాగున్నట్టే. మీటరు మీద ఓఎల్ అని, అంటే కొలతకు అందనంత ఎక్కువని, వచ్చిందా, దారి ఎక్కడో తెగింది. సున్నాకి దగ్గరగా వచ్చిందా, లోపల షార్టు ఉంది, దాన్ని సాకెట్టులో పెట్టకండి. ఇరవై నాలుగు రావాల్సిన చోట అరవయ్యో డెబ్బయ్యో వచ్చి, తీగ కదిపితే అంకె ఎగిరెగిరి పడుతోందా? ఎలిమెంటు మీద కాదు, కనెక్షన్ మీద అనుమానపడండి.

ఓఎల్ వచ్చిందని వెంటనే ఎలిమెంటు కొనేయకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. ఎలిమెంటు మార్చాలంటే కూలెంట్ మొత్తం దించాలి, కొన్ని ఇంజిన్లలో చేయి పట్టే చోటు కూడా ఉండదు. ఎక్కువసార్లు పోయేది ఎలిమెంటు కాదు, తీగ. కాబట్టి బ్లాకు దగ్గర తీగను ఎలిమెంటు నుంచి ఊడదీసి రెంటినీ విడివిడిగా కొలవండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే సుమా. ఎలిమెంటు పిన్నుల మధ్య సరైన అంకె వచ్చిందంటే అది బతికే ఉంది. అప్పుడు తీగలోని ఒక్కొక్క వైరును ఈ కొస నుంచి ఆ కొసకి కొలవండి. సున్నాకి దగ్గరగా రావాలి.

ఆ ఊడదీసిన చోట ఒక్క క్షణం ఆగి, టార్చి దగ్గరగా పెట్టి చూడండి. ఎలిమెంటు పిన్ను మెరుస్తూ ఉండాలి. పిన్ను మొదట్లో ఆకుపచ్చ పొడి పేరుకుందా? రోడ్ల మీద చల్లే ఉప్పునీళ్లు లోపలికి వెళ్లాయి. పిన్ను ఒక పక్క నల్లగా మాడి, దాని ఎదురుగా సాకెట్టు ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి కాస్త కరిగినట్టుందా? అంటే ఇన్నాళ్లూ అది పూర్తిగా లోపలికి దిగలేదు, వదులుగా ఉండి నిప్పురవ్వలు వచ్చాయి. ఆకుపచ్చ పొడి మాత్రమే ఉంటే శుభ్రం చేసి, కరెంటు పారనివ్వని డైఎలెక్ట్రిక్ గ్రీజు కొంచెం రాసి, చివరిదాకా నొక్కి, క్లిప్పు ఉంటే క్లిప్పు పెట్టేయొచ్చు. మాడిన తీగను మాత్రం బాగుచేయాలని చూడకండి, మార్చేయండి. అన్నట్టు, ఇలాంటి తీగలు వేడెక్కుతున్నాయని తయారీదారులు రీకాల్ చేసిన సందర్భాలున్నాయి. మీ బండి విన్ నంబరుతో, అంటే బండి గుర్తింపు సంఖ్యతో, రీకాల్ ఉందేమో ఒకసారి వెతకండి, ఉంటే ఆ పని ఉచితంగా అవుతుంది.

ఇప్పుడు చాలామంది పడే గోతి ఒకటి చెప్పాలి. కొన్ని ట్రక్కుల్లో, ముఖ్యంగా కొన్ని డీజిల్ ట్రక్కుల్లో, తీగలోనే థర్మోస్టాట్, అంటే చలిని బట్టి దానంతటదే కలిసే స్విచ్చి, ఉంటుంది. బయట మైనస్ 18 డిగ్రీల ప్రాంతానికి, అంటే సున్నా ఫారన్‌హీట్ దగ్గరికి చలి దిగితే తప్ప అది కలవదు. ఇప్పుడు మీరు అక్టోబరులో, ప్లస్ 10లో, ప్లగ్గు దగ్గర కొలిచారు. ఏమొస్తుంది? ఓఎల్ వస్తుంది. హీటర్ చచ్చిపోయిందా? లేదు, నిక్షేపంగా ఉంది. వెచ్చటి గ్యారేజీలో పరీక్షించేవాళ్లకి ఇదే జరుగుతుంది. తీగ మీద ప్లగ్గు దగ్గర ఉబ్బెత్తుగా ఏదైనా ఉందా, పుస్తకంలో థర్మోస్టాట్ మాట ఉందా చూసుకోండి. ఉంటే ఎలిమెంటును దాని పిన్నుల దగ్గరే కొలవండి, తీగను బాగా చలిపడిన రోజు కొలవండి.

ఇంతవరకు హీటర్‌లో దారి ఉందా అని చూశాం. అది భద్రంగా ఉందా? ఇది వేరే ప్రశ్న. మీటరు ఒక మొన ఎర్త్ పిన్నుకు పెట్టి, రెండోది ఒక బల్లపరుపు పిన్నుకు, తర్వాత ఇంకోదానికి తగిలించండి. రెండుసార్లూ ఓఎల్ రావాలి, లేదా మెగా ఓములు రావాలి. తర్వాత ఎర్త్ పిన్నుకీ ఇంజిన్ మీద రంగులేని శుభ్రమైన లోహానికీ మధ్య కొలవండి. ఇక్కడ ఒక ఓముకి తక్కువ రావాలి. మొదటి కొలతకి ఇది సరిగ్గా తలకిందులు, కలగలపకండి.

ఎందుకిది ముఖ్యం? ఎలిమెంటు లోపల తీగకీ బయటి లోహపు తొడుగుకీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. తొడుగుకో సీలుకో పగులు వస్తే ఆ పొడి తేమ పీల్చుకుంటుంది. కరెంటు కొంచెం కొంచెంగా ఇంజిన్‌లోకి కారడం మొదలవుతుంది. బయటి సాకెట్లకు జీఎఫ్‌సీఐ రక్షణ, అంటే కరెంటు లీకైతే సాకెట్టును ఆపేసే ఏర్పాటు, ఉంటుంది కదా, అది అయిదు మిల్లీ ఆంపియర్ల లీకుకే ట్రిప్ అవుతుంది. 120 వోల్టులకి అయిదు మిల్లీ ఆంపియర్లంటే 24 వేల ఓములు. మీ మీటరు పిన్నుకీ ఎర్తుకీ మధ్య ఇరవై నాలుగు కిలో ఓముల కంటే తక్కువ చూపిస్తోందంటే ఆ సాకెట్టు ఎందుకు పడిపోతోందో తెలిసిపోయినట్టే. ముందు ప్లగ్గును గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ కొలవండి. ప్లగ్గు మొహం మీది మంచు తడి కూడా ఇదే పని చేస్తుంది. ఇంకో సంగతి. మామూలు మీటరు కొన్ని వోల్టులతోనే కొలుస్తుంది. అందులో కనిపించని లీకు 120 వోల్టులకి బయటపడొచ్చు. మీటరు బాగుందంటోంది, సాకెట్టేమో పదేపదే ట్రిప్ అవుతోంది, అలాంటప్పుడు సాకెట్టు మాట నమ్మండి. 500 వోల్టులతో ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

దయచేసి ఒక్క పని మాత్రం చేయకండి. ట్రిప్ అవుతోందని ఎర్త్ పిన్ను విరగ్గొట్టేసి వాడేవాళ్లున్నారు. సాకెట్టు ట్రిప్ అవడం ఆగిపోతుంది, నిజమే. ఎందుకు ఆగింది? లీకయ్యే కరెంటుకి పోయే దారి లేక. మరి ఆ కరెంటు ఎక్కడుంది? బండి లోహంలో ఉంది. తడి మంచులో నిలబడి తలుపు పట్టుకునే మనిషి దానికి దారి అవుతాడు.

సరే, మీటరు పరీక్షలో నెగ్గింది. అయిపోయిందా? ఇంకా లేదు. మల్టీమీటరు చాలా తక్కువ కరెంటుతో కొలుస్తుంది. తీగలో పోగులు చాలావరకు తెగిపోయి నాలుగైదు మిగిలినా అంకె సరిగ్గానే వస్తుంది, హీటర్‌కి కావలసిన పూర్తి కరెంటు పారినప్పుడు ఆ చోటు కాలుతుంది. అందుకని ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు ఉంటుంది, దాన్ని పెట్టి చూడండి. నన్నడిగితే ఇంట్లో ఉండాల్సిన పరికరం ఇదే. ఓములు కొలవడం రానివాళ్లు కూడా దీన్ని చదవగలరు. 600 వాట్ల హీటర్‌కి సుమారు 600 చూపించాలి. వోల్టేజీ 115 ఉంటే 550 వస్తుంది, అది లోపం కాదు. సున్నా వస్తే దారి లేదు. మూడు వందలొస్తే ఎక్కడో వేడి దారి తప్పుతోంది. పావుగంట తర్వాత ప్లగ్గును తీసి చేత్తో పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ పిన్నులు గానీ సాకెట్టు గానీ వదులైపోయాయి.

క్లాంప్ మీటరు పెట్టొచ్చా అని ఇక్కడ ఒకరు అడుగుతున్నారు. పెట్టొచ్చు, కానీ మొత్తం తీగ చుట్టూ పెడితే సున్నా వస్తుంది. వెళ్లే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఒక్క వైరును విడదీసి చూపే స్ప్లిటర్ కావాలి. అప్పుడు 400 వాట్లకు 3.3, వెయ్యికి 8.3 ఆంపియర్లు కనిపిస్తాయి.

పరికరాలేవీ లేవు, చెవి ఉంది. సరే, చెవితోనూ కొంత తెలుస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారి, చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఇంకొకరిని ప్లగ్గు పెట్టమని, మీరు బానెట్ దగ్గర చెవి పెట్టండి. కాసేపట్లో సన్నగా బుస్సుమన్న చప్పుడు వినిపిస్తుంది. ఎలిమెంటును ఆనుకున్న కూలెంట్ చిన్న చిన్న బుడగలు కట్టే శబ్దం అది. వినిపిస్తే మంచిదే. వినిపించకపోతే మాత్రం ఏమీ తేలదు, కొన్ని హీటర్లు చప్పుడే చేయవు.

ఇక చివరిది, నా దృష్టిలో అన్నిటికంటే నమ్మకమైనది, వేడి నిజంగా ఇంజిన్‌కి చేరిందా అన్నది. బండి కంప్యూటర్ అంకెలు చదివే ఓబీడీ స్కానర్ ఉందా? బండి రాత్రంతా ప్లగ్గు లేకుండా ఉన్న పొద్దున, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కూలెంట్ ఉష్ణోగ్రతా, లోపలికి పీల్చుకునే గాలి ఉష్ణోగ్రతా చదవండి. రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. ఇప్పుడు ప్లగ్గు పెట్టి మూడు గంటలు ఆగండి. మళ్లీ చదవండి. కూలెంట్ అంకె గాలి అంకెకి ఎంతో పైన నిలబడాలి. కదల్లేదంటే కరెంటు తాగుతున్నా వేడి చేరడం లేదు. డ్యాష్‌బోర్డు సూదిని చూడకండి, ఈ కాస్త వేడికి అది కదలకపోవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వాడేవాళ్లు మెరిసే అల్యూమినియం మీద గురిపెట్టకండి, తప్పు చూపిస్తుంది. చూడాల్సిన చోట ముందే నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, ప్లగ్గు పెట్టకముందూ తర్వాతా ఆ టేపు మీదే కొలవండి.

కరెంటు తాగుతూ కూడా వేడి చేరకపోవడం ఎలా? కూలెంట్‌లో మునగని రకం హీటర్లుంటాయి, బ్లాకులోని గుంటలో పొడిగా కూర్చుంటాయి. అవి థర్మల్ పేస్టుతో లోహానికి గట్టిగా అతుక్కుని ఉండాలి. వదులైతే వేడి లోపలే మిగిలి, కొన్నాళ్లకు అదే కాలిపోతుంది. ఆయిల్ పాన్ ప్యాడ్లు అంచు ఊడినా ఇంతే. మునిగే రకంలో శత్రువు గాలి. కూలెంట్ మార్చాక లోపల గాలి బుడగ మిగిలి ఎలిమెంటు చుట్టూ చేరిందనుకోండి, ఇందాకటి ఖాళీ బకెట్ రాడ్డు గతే దీనికీ పడుతుంది. కొత్త ఎలిమెంటు బిగించిన రోజే కాలిపోయిందంటే చాలావరకు కారణం ఇదే. రెండో కారణం, ఎలిమెంటు బ్లాకు లోపలి లోహపు గోడకి ఆనుకుని ఉండటం. ఏ దిక్కుకి తిప్పి బిగించాలో దాంతో వచ్చే కాగితంలో ఉంటుంది, అది చదవకుండా బిగించకండి.

ఎక్స్‌టెన్షన్ తీగ గురించి ఒక మాట. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. సన్నటి పొడుగాటి తీగలో 120 కాస్తా 108కి పడిందనుకోండి, పోయింది పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ వేడి 19 శాతం తగ్గుతుంది, ఆ తగ్గిందాంట్లో కొంత తీగలో మండుతుంది. వెయ్యి వాట్లకి, పదిహేను మీటర్ల దాకా, మూడు వైర్ల 14 గేజి తీగ తీసుకోండి. చలికి తట్టుకునేదని రాసి ఉండాలి, మామూలు ప్లాస్టిక్ తొడుగు చలికి కర్రలా బిగుసుకుని పగులుతుంది. చుట్ట చుట్టి వాడకండి, అతుకును మంచులో పూడ్చకండి.

రాత్రంతా పెట్టాలా? అక్కర్లేదు. బయల్దేరడానికి రెండు నుంచి నాలుగు గంటల ముందు ఆన్ అయ్యేలా బయటి వాడకానికి తయారైన టైమరు పెట్టండి. టైమరు మీద రాసిన ఆంపియర్లు మీ హీటర్‌కి సరిపోవాలి.

ఎలిమెంటు మార్చాల్సి వస్తే, మార్చాక వెంటనే ప్లగ్గు పెట్టకండి. కూలెంట్ నింపి, ఇంజిన్ నడిపి, ఇంజిన్ థర్మోస్టాట్ (ఇది తీగలోది కాదు, కూలెంట్ దారి తెరిచే కవాటం) తెరుచుకుని, బండి లోపల కూర్చునే చోట హీటర్ గొట్టాల్లోంచి వేడి గాలి వచ్చేదాకా ఆగండి. ఆపి, పూర్తిగా చల్లారాక మట్టం చూసి తగ్గినంత పోయండి. అప్పుడు ప్లగ్గు పెట్టి, బ్లాకు పక్కన, కింద నేల మీద, ఎలిమెంటు చుట్టూ కూలెంట్ కారకుండా ఆపే ఓ-రింగు దగ్గర చుక్క కారుతోందేమో చూడండి. అదే రోజు ప్లగ్గు దగ్గర ఎన్ని ఓములు వచ్చాయో, వాట్ మీటరు ఎంత చూపించిందో సర్వీసు పుస్తకంలో తేదీతో రాసిపెట్టండి. వచ్చే శరత్తులో మళ్లీ కొలిచినప్పుడు మూడు నాలుగు ఓములు పెరిగాయంటే నేరుగా బ్లాకు దగ్గరి కనెక్టరు ఊడదీసి చూడండి.